చిన్న రైలుదారికి పెద్ద కొండలు: జాన్ ఆలెన్ జీవితము

రాజుల చరిత్రములును సేనానుల చరిత్రములును మన పాఠ్యపుస్తకములలో విస్తారముగా నున్నవి. ఒక యింటి నేలమాళిగలో నిలిచి, చెక్క, సుద్ద, తీగ, రంగు మొదలగు సామాన్య వస్తువులతో ఒక చిన్న లోకమునే నిర్మించిన వాని చరిత్రము మాత్రము అరుదుగా వినబడును. అట్టివారిలో అమెరికా దేశస్థుడగు జాన్ ఆలెన్ ముఖ్యుడు. నమూనా రైళ్లయం దభిరుచి గలవారు అనేక దేశములలో ఈయన పేరెరుగుదురు. ఆయన చేసిన పని యెట్టిదో, అది కడపట నేమాయెనో, అయినను ఏది మిగిలియున్నదో విద్యార్థులకు తెలుపగోరి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

జాన్ ఆలెన్ 1913వ సంవత్సరము జూలై 2వ తేదీని మిస్సూరీ రాష్ట్రమందలి జాప్లిన్ పట్టణమున జన్మించెను. చిన్ననాడు సోకిన కీళ్లవాత జ్వరమువలన ఆయన గుండె బలహీనమాయెను. ఆ బలహీనత జీవితాంతము ఆయనను విడువలేదు. అందువలన దేహబలముతో గూడిన పనులు ఆయనకు తగినవి కావు. ఆయన ఛాయాచిత్రకళను అభ్యసించి, దానినే వృత్తిగా గైకొనెను. వెలుగు ఏ దిక్కునుండి వచ్చిన నీడ యెట్లుండునో, దూరముననున్న వస్తువు ఏల వెలవెలబోవునో ఆయన యీ వృత్తిలో నేర్చుకొనెను. ఈ నేర్పే తరువాత ఆయన కొండలకు ప్రాణము పోసినది. 1946వ సంవత్సరమున కాలిఫోర్నియాలో పసిఫిక్ సముద్రతీరమందలి మాంటెరే పట్టణమునకు వచ్చి, అచ్చటనే తన తొలి చిన్న రైలుమార్గమును నిర్మింప మొదలుపెట్టెను.

ఈ పనిలోని కష్టమును గ్రహించుటకు కొంచెము లెక్క వేయవలెను. ఆలెన్ ఎన్నుకొన్న కొలతలో ప్రతి వస్తువును నిజమైన దానిలో దాదాపు 87వ వంతు పరిమాణము గలదై యుండును. అనగా ఒక అడుగునకు మూడున్నర మిల్లీమీటర్లు. ఆరడుగుల మనుష్యుడు 21 మిల్లీమీటర్ల బొమ్మ యగును. అది అంగుళమైనను కాదు. పట్టాల నడుమ వెడల్పు 16.5 మిల్లీమీటర్లు మాత్రమే. అయినను ఒక మైలు నిజమైన దారిని యథాతథముగా చూపవలెనన్న అరువది యడుగులు కావలెను. వేయి అడుగుల కొండకు పదునొకండున్నర అడుగుల యెత్తు కావలెను. అది సామాన్యమైన యింటి కప్పును దాటిపోవును. కావున ఉన్నదున్నట్లు చేయుట ఎవరికిని సాధ్యము కాదు. చిన్నచోట పెద్ద దేశమున్నట్లు కన్నులకు తోపింపవలెను. ఆలెన్ తన జీవితమును ఈ ప్రయత్నమునకే వినియోగించెను.

ఆ దినములలో నమూనా రైళ్లను చేయువారనేకులు తమ ఇంజనులను క్రొత్తగా అంగడినుండి తెచ్చినట్లు తళతళ మెరయునట్లుంచుకొనుచుండిరి. ఆలెన్ అట్లు చేయలేదు. నిజమైన రైలు ఎండలో, వానలో, పొగలో పనిచేయును. ఇంజనుపై మసి పట్టును. నీళ్లు కారినచోట తెల్లని చారలు మిగులును. గూడ్సు పెట్టెల యంచులు త్రుప్పుపట్టును. చెక్క గోడలు ఎండకు నెరసి బూడిదరంగు తేరును. ఈ మాసిపోయిన గుర్తులనన్నిటిని ఆయన శ్రద్ధగా పరిశీలించి, పలుచని రంగులతోను పొడులతోను తన బొమ్మలపై వేసెను. కప్పు వంగిన కొట్టును, పలక యూడిన గోడయు ఆయన రైలుమార్గమున స్థానము పొందెను. వాడుకలో నున్న వస్తువుపై కాలము వ్రాసిన వ్రాతను చూపనిదే అది నిజమని కన్ను నమ్మదని ఆయన కనిపెట్టెను.

కొండలను కట్టు విధానమును కూడ కొంత చెప్పవలెను. ముందు చెక్కతో పంజరము కట్టి, దానిపై గట్టి చర్మమువలె సుద్ద పూత నిలుపుదురు. సుద్ద పూర్తిగా బిగియకమునుపే దానిని చెక్కి, రాతి పొరలను, పగుళ్లను, చరియలను రూపింపవలెను. ఒకే కొండలోని పొరలన్నియు ఒకే వైపునకు వాలియుండవలెను. లేనియెడల చూచువాడు కారణము చెప్పలేకపోయినను ఏదో తప్పియున్నదని గ్రహించును. లోయ అడుగున నీరు ప్రవహించిన జాడ యుండవలెను. కొండ విరిగినచోట క్రింద రాళ్లు రాలియుండవలెను. సుద్దకు ముందుగనే రంగు పట్టించిన యెడల, పెచ్చు ఊడినను తెల్లదనము బయటపడదు. ఆలెన్ తన పర్వతములను గది నేలనుండి కప్పుదాక లేపెను. చూడవచ్చినవారు బల్లమీది బొమ్మను పైనుండి చూచినట్లు గాక, లోయలో నిలువబడి తలయెత్తి శిఖరములను చూచినట్లుండెడిది. ఆ కొండల ప్రక్కలను సన్నని పట్టాలు వంతెనలమీదుగా, సొరంగములగుండా మెట్టు మెట్టుగా పైకెక్కుచుండెను.

చోటు చాలని లోపమును ఆయన రెండు ఉపాయములతో దాచెను. మొదటిది అద్దము. తగిన చోట్ల అద్దములను నిలిపి, వాని యంచులు కనబడకుండ చెట్లతోను గోడలతోను కప్పగా, ఒక వీధి రెండు వీధులై, చిన్న లోయ పెద్ద లోయయై తోచెను. రెండవది దూరపు భ్రాంతి. ముందునున్న యిండ్లను సరియైన కొలతకు చేసి, వెనుకనున్న వానిని క్రమముగా చిన్నవిగా చేసినయెడల, నాలుగడుగుల యెడము ఎంతో దూరమువలె కనబడును. ఛాయాచిత్రకారుని కన్ను ఇచ్చట ఆయనకు తోడుపడినది.

ఈయన రైలుమార్గము పేరు గోరీ అండ్ డిఫీటెడ్. ఇంగ్లీషులో దీనిని పలికినపుడు నెత్తుటిలో మునిగి ఓడిపోయినది అను అర్థము చెవికి వినబడును. గుండె జబ్బుతో బ్రదుకుచు, తన ముఖ్యమైన పనికి ఇట్టి హాస్యపు పేరు పెట్టుకొనుటలో ఆయన స్వభావము కొంత తెలియుచున్నది. స్టేషనులో పెట్టెలను అటునిటు త్రోయు షంటింగు ఇంజనునకు బదులుగా, 13వ నంబరు వేసిన యొక పురాతన రాక్షసబల్లి బొమ్మను ఆయన నిలిపెను. దాని పేరు ఎమ్మా. అంత నిజముగా నున్న లోకములో ఆ బల్లిని చూచి బాలురును పెద్దలును నవ్వెడివారు. తొలి చిన్న మార్గమును కొంత పెంచిన పిమ్మట, 1953వ సంవత్సర ప్రాంతమున క్రొత్త యింటి నేలమాళిగలో మూడవదియు అన్నిటికంటె పెద్దదియు నగు మార్గమును ప్రారంభించెను. తన మొదటి పనిని పారవేయక, ఆ చిన్న మార్గమును ఈ పెద్దదానిలో ఒక భాగముగా నమర్చుకొనెను. అప్పటినుండి దాదాపు ఇరువది సంవత్సరములు దానిపై పనిచేయుచునే యుండెను.

ఇది గాజుపెట్టెలో పెట్టి చూచు బొమ్మ కాదు. స్నేహితులు నియమముగా వచ్చి, తలకొక పని పంచుకొని, కాలపట్టిక ప్రకారము రైళ్లను నడుపుచుండిరి. చిన్న లోకపు దినము త్వరగా గడచునట్లు వేగముగా తిరుగు గడియారము నుంచిరి. టైమ్‌సేవర్ అను షంటింగు ఆటను కూడ ఆయనయే కల్పించెను. కొద్దిపాటి పట్టాలపై కొన్ని పెట్టెలను తక్కువ కదలికలతో వాని వాని చోట్లకు చేర్చుటయే ఆ యాట. నేటికిని దానిని ఆడువారున్నారు.

ఆలెన్ తన పనిని దాచుకొనలేదు. కటకపు రంధ్రమును మిక్కిలి చిన్నది చేసి, చాలసేపు వెలుగు నిచ్చి తీసిన ఆయన ఛాయాచిత్రములలో, ముందునున్న రాయియు వెనుకనున్న శిఖరమును సమానముగా స్పష్టమై, చూచువారిని నిజమైన పర్వతప్రాంతమని భ్రమింపజేయుచుండెను. మోడల్ రైల్‌రోడర్ అను పత్రికలోను, వార్నీ కంపెనీవారి ప్రకటనలలోను అవి ప్రచురింపబడెను. ఆయన యింటి గుమ్మము నెన్నడును త్రొక్కనివారు వేలకొలది ఆ చిత్రములను చూచి, తమ యిండ్లలో తామును కొండలు కట్ట మొదలిడిరి. ఆయన వ్యాసములును అట్లే అనేకులకు పాఠములాయెను.

1973వ సంవత్సరము జనవరి 6వ తేదీని గుండె ఆగి ఆలెన్ మరణించెను. అప్పటికాయన వయస్సు 59 సంవత్సరములు. ఆ రైలుమార్గము నెట్లు కాపాడవలెనో అని మిత్రులు ఆలోచించుచుండగనే, ఆయన పోయిన పది దినములకు ఆ యింట అగ్ని పుట్టెను. నేలనుండి కప్పుదాక లేచిన పర్వతములు, వంతెనలు, ఊళ్లు, రేవుపట్టణము అన్నియు దగ్ధమాయెను. కొద్ది వస్తువులు మాత్రమే దక్కెను. ఇరువది యేండ్ల శ్రమ ఒక్కసారిగా బూడిదయైనదని వినినపుడు ఎవరికి మనసు కలగదు? ఇంగ్లండు దేశమున ఇంచుమించుగా ఇట్టి పనియే చేసిన జాన్ ఏహెర్న్ గారి మాడర్ వ్యాలీ రైలుమార్గము ఆయన మరణించిన తరువాత పెండన్ మ్యూజియములో భద్రపరుపబడినది. ఆలెన్ పనికి ఆ భాగ్యము కలుగలేదు.

అయినను ఆ మంట కాల్చలేనిది ఒకటి మిగిలెను. ఆలెన్ తన చేతిపనిని మాత్రమే గాక తన చూపును కూడ లోకమునకు ఇచ్చియుండెను. ఆ పత్రిక సంపాదకుడుగా నుండిన లిన్ వెస్ట్‌కాట్ గారు ఆయన ఛాయాచిత్రములను, పనివిధానమును కూర్చి వ్రాసిన గ్రంథము 1981వ సంవత్సరమున వెలువడెను. నేడు ఏ దేశమునందైనను ఒక బాలుడు తన బొమ్మ ఇంజనుపై మసి పూసి, గూడ్సు పెట్టె యంచున త్రుప్పురంగు వేసినయెడల, తెలిసియో తెలియకయో ఆలెన్ చూపిన దారినే నడచుచున్నాడు. తాను నేర్చినది తనతోనే యుంచుకొనియుండినచో, ఆ మంటతో సమస్తమును ముగిసియుండెడిది.

విద్యార్థులారా, నమూనా రైళ్లు కొనుటకు మీకు సొమ్ము లేకపోవచ్చును. దానికి చింతిల్లవలదు. ఈసారి స్టేషనులో రైలుకొరకు వేచియుండునపుడు ఎదుట నిలిచిన గూడ్సు పెట్టెను చూడుడు. త్రుప్పు ఎచ్చట మొదలై ఎటు దిగినది? దుమ్ము ఏవైపు దట్టముగా నున్నది? ఏల? ప్రక్కనున్న గుట్టలో రాతి పొరలు ఏ దిక్కునకు వాలినవి? చూచినదానిని గీయుడు, వ్రాయుడు, తోటివారికి తెలుపుడు. చేతితో కట్టినది ఏనాటికైనను నశింపవచ్చును. ఇతరులకు నేర్పినది వారి చేతులలో నిలుచునని జాన్ ఆలెన్ జీవితమువలన మేము గ్రహించితిమి.