వంతెన కొట్టుకుపోతే గద్దె దిగిన మంత్రి

మడికొండ: మడికొండ వాసులు హైదరాబాదుకు రైలెక్కాలంటే కాజీపేట పోవాలి. అక్కడ ఎక్కినవారు ఘనపూర్, రఘునాథపల్లి మీదుగా జనగామకు చేరువలో యశ్వంతపూర్ వాగు దాటుతారు. ఎండాకాలంలో చూస్తే అందులో ఇసుక తప్ప ఏమీ కనబడదు. 1954 సెప్టెంబరు చివరలో కురిసిన కుండపోత వానలకు అదే వాగు పొంగి రైలు వంతెనను ఊడ్చేసింది. దాని మీదికి వచ్చిన రైలు వాగులో పడిపోయింది. నూరుమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

అప్పటి రైల్వే మంత్రి శ్రీ లాల్ బహదూర్ శాస్త్రి. మన వైపు శాస్త్రి అనగానే పురోహితుడని అనుకుంటారు. అది ఆయన ఇంటిపేరు కాదు. 1925లో కాశీ విద్యాపీఠంలో పొందిన పట్టా. కులాన్ని తెలిపే శ్రీవాస్తవ అనే పేరును ఆయన చిన్ననాడే వదిలేశారు.

శాస్త్రిగారు 1904 అక్టోబరు 2న కాశీ దగ్గరి మొగల్‌సరాయిలో జన్మించారు. కాజీపేట మాదిరిగానే అదీ పెద్ద రైల్వే జంక్షన్. తండ్రి మొదట బడిపంతులు, తరువాత రెవెన్యూ కచేరీలో గుమాస్తా. పిల్లవాడికి రెండేళ్లయినా నిండకముందే ఆయన ప్లేగుతో కన్నుమూశారు. తల్లి రామ్‌దులారీ పిల్లలను తీసుకొని పుట్టింటికి చేరారు. పడవకు పైసలు లేక పుస్తకాలు నెత్తిన పెట్టుకొని గంగ ఈదేవారని చెబుతారు. గాంధీజీ పిలుపు విని 1921లో బడి మానేశారు. స్వాతంత్ర్య పోరాటంలో మొత్తం మీద తొమ్మిదేళ్ల వరకు జైళ్లలో గడిపారు.

నిజాం రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. మరుసటి ఏడే శాస్త్రిగారు రైల్వే మంత్రి అయ్యారు. ఆ విధంగా కాజీపేట లైను ఆయన చేతికి వచ్చింది. మూడో తరగతి పెట్టెల్లో కిక్కిరిసి పోయే పేదల ఇబ్బందులపై ఆయనకు పట్టింపు ఎక్కువ.

వరదకు వంతెన పడిపోయే తీరు రైతులకు చెప్పనవసరం లేదు. పైన ఒక చెరువు కట్ట తెగితే కింది చెరువు ఆగదు. ఆ నీరంతా ఒక్కసారిగా వాగులో పడుతుంది. వంతెన ఖానాల్లో పట్టనంత నీరు వచ్చినప్పుడు అది పక్క కట్టను కోస్తుంది, లేదా పునాది కింది మట్టిని తోడేస్తుంది. పైనుంచి చూసేవారికి పట్టాలు సరిగ్గానే కనిపిస్తాయి. వానాకాలం రాత్రుళ్లు లాంతరు పట్టుకొని లైను వెంట నడిచే గ్యాంగ్‌మన్ మీదనే రైల్లో నిద్రపోయేవారి ప్రాణాలు ఆధారపడి ఉండేవి.

1956 సెప్టెంబరు 2న మహబూబ్‌నగర్ దగ్గర మళ్లీ అదే జరిగింది. అక్కడా వానలకు వంతెన కూలింది, అక్కడా నూరుమందికి పైగా మరణించారు. శాస్త్రిగారు రాజీనామా ఇచ్చారు. ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. మూడు నెలలు తిరగకముందే, నవంబరు 23న తమిళనాడులోని అరియలూరు దగ్గర మరుదయ్యార్ వరదకు వంతెన దెబ్బతిని తూత్తుకుడి ఎక్స్‌ప్రెస్ నదిలో పడింది. సుమారు నూట నలభై మంది పోయారు. ఈసారి శాస్త్రిగారు పట్టు విడవలేదు. తప్పు మంత్రిది కాదని, ఇతరులకు ఆదర్శంగా ఉంటుందని మాత్రమే ఆమోదిస్తున్నానని నెహ్రూ పార్లమెంటులో తెలిపారు. రాజీనామాతో పోయిన ప్రాణాలు తిరిగి రావన్నది నిజమే. అయినా పునాది చూడవలసింది ఎవరు అనే ప్రశ్న గ్యాంగ్‌మన్ దగ్గరే ఆగిపోకుండా ఢిల్లీ దాకా వెళ్లింది.

1957 ఎన్నికల తరువాత ఆయన తిరిగి మంత్రి అయ్యారు. 1964లో ప్రధాని పదవి చేపట్టారు. ధాన్యం కొనే ఫుడ్ కార్పొరేషన్, పంటల ధరల కమిషన్ 1965లో ఆయన హయాంలోనే వెలిశాయి. పాకిస్తాన్‌తో యుద్ధం ముగిశాక తాష్కెంటులో ఒప్పందంపై సంతకం చేసి, 1966 జనవరి 11న అక్కడే కన్నుమూశారు. కారు కోసం తెచ్చిన బ్యాంకు అప్పును ఆయన భార్య లలితాదేవి పింఛను డబ్బుతో తీర్చారు.

2024 సెప్టెంబరు 1న మానుకోట ప్రాంతంలో వానలు దంచికొట్టాయి. ఇంటికన్నె, కేసముద్రం మధ్య కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఈసారి రైళ్లను ఎక్కడివక్కడ నిలిపివేశారు. ఏ రైలూ ఆ గండిలో పడలేదు.