ఇంట్లో ఫరోఖ్... లోకానికి ఫ్రెడ్డీ

రెండుసార్లు కాళ్లతో నేలను తట్టి, ఒకసారి చప్పట్లు కొడితే చాలు, మన పిల్లలు ఆ పాట పేరు చెప్పేస్తారు. అది 'వీ విల్ రాక్ యూ'. కప్పు గెలిచిన జట్టు మైదానంలో తిరుగుతున్నప్పుడు మోగేది 'వీ ఆర్ ద ఛాంపియన్స్'. 1977లో ఈ రెండూ ఒకే రికార్డుకు చెరోవైపు వచ్చాయి. పాడింది ఇంగ్లండ్‌కు చెందిన 'క్వీన్' బృందం. ఆ గొంతు మాత్రం గుజరాత్ మూలాలున్న ఓ పార్శీ కుటుంబంలో పుట్టింది. ఈ సంగతి ఆ పాటలు వింటూ పెరిగిన వాళ్లలోనూ చాలామందికి తెలియదు.

ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. 1946 సెప్టెంబర్ 5న ఆఫ్రికా తూర్పు తీరంలోని జాంజిబార్‌లో పుట్టాడు. తండ్రి బోమీ అక్కడి బ్రిటిష్ ప్రభుత్వ కార్యాలయంలో క్యాషియర్. తల్లి జెర్. గుజరాత్‌లోని బుల్సార్, అంటే ఇప్పటి వల్సాడ్, ఆ ఇంటిపేరుకు మూలం. మన ఇంటిపేర్లలో ఊళ్లు దాగి ఉన్నట్టే.

ఎనిమిదేళ్ల వయసులో అతణ్ని మహారాష్ట్రలోని పంచగనిలో ఉన్న బోర్డింగ్ స్కూల్లో చేర్చారు. అమ్మానాన్నలు సముద్రానికి అవతల, పిల్లాడు కొండ మీద హాస్టల్లో. పుట్టుకతోనే నోట్లో నాలుగు పళ్లు ఎక్కువ ఉండటంతో ముందు పళ్లు బయటికి వచ్చేవి, తోటి పిల్లలు ఏడిపించేవారు. పియానో అతనికి తోడైంది. ఫ్రెడ్డీ అన్న పేరు అక్కడే వచ్చింది. స్నేహితులతో కలిసి 'ద హెక్టిక్స్' అనే బ్యాండ్ పెట్టాడు. తమాషా ఏమిటంటే అందులో ముందు నిలబడి పాడింది వేరే కుర్రాడు. ఫ్రెడ్డీ వెనక పియానో వాయించేవాడు.

1964 జనవరిలో జాంజిబార్‌లో విప్లవం వచ్చింది. బుల్సారా కుటుంబం ఉన్నపళంగా ఊరు వదిలి, లండన్ శివార్లలోని ఫెల్థమ్‌లో ఓ చిన్న ఇంట్లో దిగింది. హీత్రూ ఎయిర్‌పోర్టుకు కూతవేటు దూరం. సౌకర్యంగా బతికిన కుటుంబం పరాయి చలిలో మొదటి నుంచీ మొదలుపెట్టింది. అప్పటికి ఫ్రెడ్డీకి 17 ఏళ్లు. ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో గ్రాఫిక్ డిజైన్ చదివాడు. ఎయిర్‌పోర్టులో సామాన్లు మోశాడు, కెన్సింగ్టన్ మార్కెట్లో పాత బట్టలు అమ్మాడు. కొడుకు బ్యాండ్ అంటూ తిరుగుతుంటే ఇంట్లో ఎలాంటి మాటలు నడిచి ఉంటాయో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

1970లో గిటారిస్ట్ బ్రయాన్ మే, డ్రమ్మర్ రోజర్ టేలర్‌లతో కలిశాడు. బృందానికి క్వీన్ అని పేరు పెట్టింది తనే, చిహ్నం గీసిందీ తనే. ఇంటిపేరు మెర్క్యురీగా మార్చుకున్నాడు. మరుసటి ఏడాది జాన్ డీకన్ చేరాడు. 1975లో 'బొహీమియన్ రాప్సోడీ' వచ్చింది. దాదాపు ఆరు నిమిషాల పాట. ఇంత పొడుగుంటే రేడియోలో వేయరని రికార్డు కంపెనీ భయపడింది. చివరికి అది బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. దాని అర్థం ఏమిటో ఫ్రెడ్డీ ఎన్నడూ విప్పి చెప్పలేదు.

1985 జూలై 13న ఇథియోపియా కరువు బాధితుల కోసం వెంబ్లీలో జరిగిన 'లైవ్ ఎయిడ్'లో క్వీన్‌కు దక్కింది సుమారు 20 నిమిషాలు. 70 వేల మందికి పైగా జనం అతని చేతి కదలికకు ఒక్కటై చప్పట్లు కొట్టారు. హాస్టల్లో పళ్లు కనపడతాయని నవ్వు దాచుకున్న పిల్లాడేనా అనిపిస్తుంది ఆ వీడియో చూస్తే.

వేదిక మీద అంత తెరిచి పాడిన మనిషి, వేదిక దిగితే చాలా విషయాల్లో మౌనమే. జాంజిబార్ గురించి, పంచగని గురించి పెద్దగా మాట్లాడేవాడు కాదు. చివరి ఏళ్లలో తనతో కలిసి జీవించింది ఒక పురుషుడన్న సంగతిని ఎప్పుడూ బాహాటంగా ప్రకటించలేదు. ఎయిడ్స్ సోకిందని 1987లో తెలిసినా, లోకానికి చెప్పింది 1991 నవంబర్ 23న. మర్నాడే కన్నుమూశాడు. అప్పటికి 45 ఏళ్లు. అంత్యక్రియలు పార్శీ పురోహితుల చేతుల మీదుగా జరిగాయి. పేరు మారినా, ఊరు మారినా కన్నవాళ్ల సంప్రదాయంలోనే అతన్ని సాగనంపారు.

నాకు ఆ మౌనమంతా పాటల్లోనే వినిపిస్తుంది. 1976లో అతను రాసిన 'సమ్‌బడీ టు లవ్' ఒళ్లు హూనమయ్యేలా పనిచేసి ఇంటికొచ్చిన ఒంటరి మనిషి దేవుడితో పెట్టుకున్న మొర. వెనక పెద్ద చర్చి బృందం పాడుతున్నట్టు ఉంటుంది కానీ, అవి ముగ్గురి గొంతులే, పొరలు పొరలుగా రికార్డు చేసినవి. నైట్ షిఫ్ట్ ముగించుకుని ఖాళీ గదికి వచ్చిన రోజులు మనలో ఎవరికి లేవు? 'ద షో మస్ట్ గో ఆన్' చాలావరకు బ్రయాన్ మే రాసింది. నిలబడటానికే ఓపిక లేని స్థితిలో ఫ్రెడ్డీ దాన్ని పాడాడు. ఇండియాలో అయినవాళ్లు ఆసుపత్రిలో ఉన్నారని ఫోనొచ్చిన మర్నాడు కూడా ఆఫీసులో నవ్వుతూ మీటింగ్‌లో కూర్చోవాల్సి వచ్చినవాళ్లకు, ఆ పాట కష్టం వివరించక్కర్లేదు.

మన పిల్లల్లోనూ ఇంట్లో ఒక పేరు, స్కూల్లో ఒక పేరు ఉన్నవాళ్లు ఎందరో. పేరు కుదించుకున్నారని మనం నొచ్చుకుంటాం. అంతకంటే వాళ్లు ఇంట్లో చెప్పలేకపోతున్నది ఏదైనా ఉందా అని అడగటం ముఖ్యమేమో. అడగటానికి దారి కావాలంటే ఈ వారాంతం కారులో వాళ్లనే క్వీన్ పాట ఒకటి పెట్టమనండి. అది ఎందుకు ఇష్టమో వాళ్లు చెబుతుంటే మధ్యలో ఆపకుండా వినండి.