నీరు నిలవాలంటే నేల మనదవ్వాలి

మన నెల్లూరు తీరంలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యనే, వాయుగుండాలతో పాటు కురిసిపోతుంది. సంక్రాంతి దాటితే నిమ్మచెట్టయినా సపోటా చెట్టయినా ఆకాశం వంక చూడ్డమే.

యీ గడ్డమీదే, పెన్నా డెల్టాలోని అలగానిపాడులో, 1913 మే 1న పుచ్చలపల్లి సుందరయ్య పుట్టాడు. భూములున్న కుటుంబం. 1930లో కాలేజీ చదువు వదిలి ఉప్పు సత్యాగ్రహంలోకి దూకి జైలుకెళ్ళాడు. తిరిగొచ్చి సొంత వూళ్ళోనే వ్యవసాయ కూలీలను కూడగట్టాడు. అంటే తొలి పోరు తన సాటి ఆసాములతోనే! పేరు చివర రెడ్డి అన్న తోక కోసేశాడు. తన వాటా ఆస్తిని ఉద్యమానికి ధారపోశాడు.

1946లో 'విశాలాంధ్రలో ప్రజారాజ్యం' రాశాడు. తెలంగాణా సాయుధ పోరాటానికి నాయకుడిగా నిలిచాడు. 1952లో రాజ్యసభకెళితే పార్లమెంటుకి సైకిలు మీదే వెళ్ళాడు. తర్వాత శాసనసభలో నదీజలాల మీద లేచాడంటే చేతిలో అంకెలుండాల్సిందే. 1985 మే 19న కన్నుమూసే దాకా ఆయనకు భూమి, నీరు వేరువేరు సమస్యలు కావు.

నదికి చెల్లిన మాట తోటకూ చెల్లుతుంది. ఇసుక నేల నీటిని పట్టి వుంచదు. అందుకే చెరువు పూడిక మట్టి తోలి కలపాలి. కొమ్మల అంచు కింద గుండ్రంగా పాదు తీసి, పల్లం వైపు కట్ట వెయ్యాలి. ఎండుటాకు పరిస్తే తడి ఆరదు. తుపాను నీరు మొదట్లో నిలిస్తే మాత్రం నిమ్మ వేరు కుళ్ళుతుంది. మిగులు నీటికి గండి వుంచాలి. తీరం వెంట దొరువుల్లో తేలే మంచినీరు కూడా యిలా ఇంకిన వానే. మోటారుతో అతిగా తోడితే అడుగునున్న ఉప్పునీరు పైకొస్తుంది.

యివన్నీ రైతుకి తెలియక కాదు. పూడిక తోలిన ఖర్చు తిరిగి రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఏడాది కౌలుకు తోట పట్టినవాడు పదేళ్ళ చెట్టుకి కట్ట ఎందుకు వేస్తాడు? 2019 సాగుదారు హక్కుల చట్టం సైతం 11 నెలల ఒప్పందం దగ్గరే ఆగింది. పాదు తవ్విన కూలీకి ఆ చెట్టు నీడ కూడా దక్కదు.

రైతు సోదరులారా! యీ వానాకాలం పాదులు తీయండి. దాంతో పాటే కౌలుకి భద్రత కోరుతూ వూరూరా కూర్చుని మాట్లాడండి. అలగానిపాడు బిడ్డ జీవితం నేర్పే పాఠం అదే.