39 అంకెల నెంబర్.. కంప్యూటర్ లేదు, కాలిక్యులేటర్ లేదు.. తేల్చేసిన లెక్కల మాస్టారు.. ఎవరీ లూకాస్?

170141183460469231731687303715884105727.. ఏంటిది, ఫోన్ నెంబర్ తప్పుగా టైప్ చేశామా అనుకుంటున్నారా? కాదు. ఇది 39 అంకెల ప్రధాన సంఖ్య. అంటే 1తో, తనతో తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగించలేం. 2ను 127 సార్లు గుణించి 1 తీసేస్తే ఇదే వస్తుంది. ఈ విషయాన్ని 1876లోనే చేత్తో లెక్కేసి చెప్పారు ఫ్రాన్స్‌కు చెందిన ఎడ్వార్డ్ లూకాస్.

1842లో అమియాన్స్‌లో పుట్టారు. పారిస్ అబ్జర్వేటరీలో పని చేశారు. ప్రష్యాతో యుద్ధం వస్తే ఫిరంగి దళంలో ఆఫీసర్‌గా వెళ్లారు. తిరిగొచ్చాక స్కూల్ పిల్లలకు లెక్కలు చెప్పారు.

2 ఘాతాల నుంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్యల్ని మెర్సెన్ సంఖ్యలు అంటారు. వాటిలో ఏవి ప్రధాన సంఖ్యలో 1644లోనే మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి ఓ లిస్ట్ ఇచ్చారు. 67, 127 ఘాతాలు రెండూ అందులో ఉన్నాయి. కానీ రుజువు? లేదు. ఒక్కో సంఖ్యతో భాగించుకుంటూ పోతే 20 అంకెల సంఖ్యల దాకా వెళ్లాలి. ఒక జన్మ సరిపోదు!

లూకాస్ అడ్డదారి కనిపెట్టారు. ఇప్పుడు వాడే రూపంలో చెప్పాలంటే.. 4తో మొదలుపెట్టాలి. వర్గం చేసి 2 తీసేయాలి. పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. మళ్లీ అదే పని. చివరికి శేషం సున్నా అయితే ప్రధాన సంఖ్యే. 7కి చేసి చూడండి.. 16లోంచి 2 తీస్తే 14, అది 7తో పోతుంది. ఒక్క స్టెప్‌లో అయిపోయింది. 127వ ఘాతానికి మాత్రం 125 స్టెప్పులు, అదీ 39 అంకెల సంఖ్యలతో! ఒక్క అంకె తప్పినా మొత్తం పోయినట్టే. ఆయన రికార్డు 1951 వరకూ చెక్కుచెదరలేదు. 2024లో దొరికిన 4 కోట్ల 10 లక్షల అంకెల ప్రధాన సంఖ్యను కన్ఫర్మ్ చేసింది కూడా ఈ పద్ధతితోనే.

పిల్లలు ఆడే టవర్ ఆఫ్ హనోయ్ తెలుసుగా? 1883లో దాన్ని మారుపేరుతో మార్కెట్లోకి తెచ్చింది కూడా ఈయనే. దానికి మన కాశీ గుడిలో 64 బంగారు చక్రాలున్నాయనే కథ కూడా జోడించారు. సెకనుకు ఒకటి జరిపినా అన్నీ మార్చడానికి 58 వేల కోట్ల ఏళ్లు పైనే పడుతుంది. ఆ ఎత్తుల లెక్క కూడా మెర్సెన్ సంఖ్యే కావడం విశేషం.

1891లో ఓ విందులో వెయిటర్ చేతిలోంచి ప్లేట్లు జారిపడ్డాయి. ఓ ముక్క ఎగిరి లూకాస్ చెంపకు తగిలింది. చిన్న గాయమే.. కానీ ఇన్‌ఫెక్షన్ సోకి అక్టోబర్ 3న చనిపోయారు. వయసు 49.

మరి 67వ ఘాతం? అది ప్రధాన సంఖ్య కాదని కూడా 1876లోనే తేల్చారాయన. అయితే ఏ సంఖ్యలతో భాగించొచ్చో మాత్రం చెప్పలేకపోయారు. 193707721, 761838257287.. ఈ రెండింటినీ అమెరికా గణితవేత్త కోల్ బయటపెట్టేసరికి 1903 వచ్చింది.