బిషప్ అజరయ్య

డోర్నకల్ పట్టణమున వింతయైన కట్టడమొకటి కలదు. దాని గుమ్మటములు మసీదును, స్తంభములు హిందూ దేవాలయ మండపమును తలపునకు తెచ్చును. అయినను అది క్రైస్తవుల ప్రార్థనాలయము. దానిని కట్టించిన అజరయ్య దొర కాడు, తెలుగువాడును కాడు. ఆంగ్లికన్ సంఘమున బిషప్ పదవి నొందిన మొదటి భారతీయుడు ఆయనయే.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి ప్రాంతమునందలి వెల్లాళన్‌విళై గ్రామమున జన్మించెను. తండ్రి ఆ గ్రామమున క్రైస్తవ గురువు. వారిది నాడార్ కులము. తాటిచెట్లెక్కి రసము తీసి జీవించు ఆ కులమువారిని ఆ దినములలో పెద్ద ఆలయములలోనికి రానిచ్చెడివారు కారు. అజరయ్య మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివెను గాని, పట్టము పొందలేదు. 1895 మొదలు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దేశమెల్ల తిరిగెను.

మత ప్రచారమునకు ఎల్లప్పుడును విదేశీయులే రావలెనా అను ప్రశ్న ఆయనను బాధించెను. 1903లో మిత్రులతో కలిసి తిరునల్వేలి క్రైస్తవుల ధనముతోనే నడచు ఒక సంఘమును స్థాపించెను. వారు పనికై ఎన్నుకొన్న చోటు నిజాం రాజ్యములోని డోర్నకల్. ఇతరులను పంపి తాను ఇంట కూర్చుండుట ఆయనకు తగదని తోచెను. 1909లో కొలువు విడిచి, గురుత్వము స్వీకరించి, తానే అచ్చటికి వచ్చెను. గుడారములో నివసించుచు, ముప్పదియైదేండ్ల వయసున తెలుగు నేర్చుకొనెను.

1910లో స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. సుమారు పన్నెండువందల ప్రతినిధులలో ఆసియావాసులు ఇరువదిమందియైనను లేరు. అజరయ్య అందు ప్రసంగించెను. దొరలు తమ ధనమును, ప్రాణమును సైతము భారతీయులకై ధారవోయుచున్నారని మొదట ఒప్పుకొనెను. అయితే తమతో పనిచేయు భారతీయుని ఇంటికి పిలిచి, సరిసమానముగా బల్లయొద్ద కూర్చుండబెట్టుకొనువారు ఎందరని అడిగెను. తమకు కావలసినది దయ కాదనియు, స్నేహమనియు చెప్పెను. సభలో కొందరు నొచ్చుకొనిరి. కాని ఆ మాటలు మరువబడలేదు.

మద్రాసు బిషప్ వైట్‌హెడ్ ఆయనను డోర్నకల్‌కు బిషప్‌గా చేయదలచినప్పుడు పెద్ద అలజడి పుట్టెను. నల్లవాని అధికారము క్రింద తెల్లవారు ఎట్లు పనిచేయుదురని కొందరు దొరలు ఆక్షేపించిరి. విచిత్రమేమనగా, భారతీయ క్రైస్తవులలోను కొందరు సమ్మతింపరైరి. వారికి ఆయన రంగు కాదు, కులము అడ్డువచ్చెను. అయినను 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్ కెథీడ్రల్‌లో అభిషేకము జరిగెను. తరువాత డోర్నకల్ మండలము కృష్ణా ప్రాంతము వరకు పెరిగినపుడు ఆంగ్లేయ గురువులును ఆయన క్రింద పనిచేసిరి.

ఎడింబరోలో ఇతరులను అడిగిన స్నేహమును ఇపుడు తాను ఇయ్యవలసివచ్చెను. అడుగుటకంటె ఇచ్చుట కష్టము. డోర్నకల్ మండలములో క్రైస్తవులైనవారు చాలవరకు మాలలు, మాదిగలు. ఊరివారు వారిని బావి దరిదాపులకు రానీయరు. పగలెల్ల పరుల పొలములలో కూలి చేయు వీరికి చదువేమి, మతమేమి అని నవ్వువారు పెక్కుమంది. అజరయ్య ఎడ్లబండిపై పల్లె పల్లెకు పోయి, వారు పని ముగించుకొని వచ్చువరకు వేచి, వారి గుడిసెలనడుమ కూర్చుండి బోధించెడివాడు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములను వెడలగొట్టవలెనని చెప్పెడివాడు. ఆయన భార్య అంబు మరియమ్మాళ్ స్త్రీలకు బోధించెను.

అయితే చిక్కు ఊరివారితోనే తీరలేదు. మాలలు మాదిగలతో కలిసి కుడువరు. క్రీస్తును నమ్మినవారిలోను ఈ పట్టుదల యుండెను. ప్రభువు బల్లయొద్ద అందరును ఒకే పాత్రనుండి త్రాగవలసినదేయని అజరయ్య పట్టుబట్టెను. బాప్తిస్మము పొందినవారు తమ తలపై తామే చేయి ఉంచుకొని, సువార్తను ప్రకటింపకున్న తమకు శ్రమ యని పలుకునట్లు ఏర్పాటు చేసెను. నోరు విప్పుటకే వెరచిన కూలివాడు ఇపుడు పరులకు చెప్పవలసినవాడయ్యెను. వారి బిడ్డలలో కొందరు ఉపాధ్యాయులైరి, కొందరు గురువులైరి. వారి నడవడిలోని మార్పును చూచి, దూరముగా నిలిచిన పై కులములవారిలోను కొందరు క్రమముగా ఆ సంఘమున చేరిరి.

మతము మార్పించుటనుగూర్చి గాంధీ మహాత్మునకును అజరయ్యకును తీవ్రమైన భేదాభిప్రాయముండెను. అస్పృశ్యత పోవలెనని ఇద్దరును కోరినవారే.

ధనలోపముచే ప్రార్థనాలయ నిర్మాణము ఏండ్ల తరబడి సాగెను. తుదకు 1939 జనవరి 6వ తేదీన దానికి ప్రతిష్ఠ జరిగెను. అప్పటికి ఆ మండలమందలి క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటియుండెను. వేర్వేరు సంఘములు ఏకమై దక్షిణ భారత సంఘమగుటకు అజరయ్య ఎంతయో పాటుపడెను గాని, 1947లో అది ఏర్పడునాటికి ఆయన లేడు. 1945 జనవరి 1వ తేదీన, తాను గుడారము వేసికొన్న ఆ డోర్నకల్‌లోనే ఆయన కన్నుమూసెను.