గాంధీజీ మితవ్యయము

మోహనదాసు కరంచందు గాంధీ 1869వ సంవత్సరమున పోరుబందరులో జన్మించెను. దక్షిణాఫ్రికాలో న్యాయవాదిగా విశేషధనము నార్జించియు, దానిని విడిచి నిరాడంబర జీవితమును చేపట్టెను.

1915లో బొంబాయి కాంగ్రెసు సభల సమయమున ఆయన తన బల్లచుట్టును ఆతురతతో వెదకుచుండెను. పోయినది రెండంగుళములైన లేని పెన్సిలు ముక్క. కాకా కాలేల్కరు తన పెన్సిలు నీయబోగా ఆయన అంగీకరింపలేదు. అది మద్రాసులో ఒక బాలుడు ప్రేమతో నిచ్చిన కానుక. అది దొరకిన పిదపనే ఆయన మనస్సు కుదుటపడెను.

వచ్చిన జాబుల వెనుకవైపునను, కవరుల లోపలివైపునను వ్రాయుట ఆయనకు అలవాటు. సబర్మతీనది చెంతనే యుండియు ఒక చెంబు నీటితోనే ముఖము కడుగుకొనెడివాడు. నది తన యొక్కనిది కాదని ఆయన భావము.

1948 జనవరి 30వ తేదీన ఆయన అస్తమించెను. లోభి తనకొరకు దాచును. గాంధీజీ పరులకొరకు మిగిల్చెను.