అరకు చీకట్లో గుర్తొచ్చే నరసింగరావు గారు

మే నెల రాత్రి అరకులో ఆరు అంగుళాల టెలిస్కోప్‌ని దక్షిణం వైపు తిప్పితే ఎం83 మసక మచ్చలా కనిపిస్తుంది. అదో బార్డ్ స్పైరల్ గెలాక్సీ. మధ్యలో ఉన్న బార్ మాత్రం అంత తేలిగ్గా కంటికి చిక్కదు.

ఆరు అంగుళాల టెలిస్కోప్ అంటే నాకు అంకితం వెంకట నరసింగరావు గారే గుర్తొస్తారు. 1827లో పుట్టారు. ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు గారు 1840లో విశాఖ డాబా గార్డెన్స్‌లో సొంత డబ్బుతో అబ్జర్వేటరీ పెట్టారు. అవును, ఇప్పుడు మనం ట్రాఫిక్‌లో ఇరుక్కునే డాబా గార్డెన్సే! 1856లో మామగారు పోయాక, డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం కూడా వదిలేసి ఈయనే దాన్ని నడిపారు. 1871లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1874 డిసెంబర్ 9న సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడాన్ని విశాఖ నుంచే గమనించి రాసిపెట్టారు. ఆయన దగ్గరున్న కుక్ కంపెనీ టెలిస్కోప్ ఆరు అంగుళాలదే.

1892లో ఆయన చనిపోయారు. అప్పటికి ఎం83 లాంటివన్నీ నెబ్యులాలే. అవి వేరే గెలాక్సీలని హబుల్ తేల్చింది 1920ల్లో. అవేంటో తెలియని రోజుల్లోనే ఆయన ఉద్యోగం వదిలి ఆకాశం చూశారు. మనకి తెలుసు, కానీ తల ఎత్తి చూడం.